నాన్నకి కొన్న ఎంసీఆర్ చెప్పులు: పదకొండు నెలలు వాడాక

పోయిన మే నెలలో మా నాన్న గుంటూరు బ్రాడీపేటలో కూరగాయలు కొనుక్కుని వస్తుంటే కుడికాలి చెప్పు ఊడి రోడ్డు మీదే ఉండిపోయింది, ఆయనేమో నడుస్తూనే ఉన్నారు. వెనక వస్తున్న అమ్మ చూసి "ఏవండీ, కాలికి చెప్పేదండీ?" అని కేకేస్తే అప్పుడు కిందికి చూసుకున్నారు. పదకొండు గంటల ఎండ, తారు మెత్తబడే ఎండ. ఒంటి చెప్పుతో ఎంత దూరం వచ్చారో ఆయనకే తెలియదు. ఇంటికొచ్చాక అమ్మ ఆ సంగతి నవ్వుతూ చెప్పింది, నాన్న కూడా నవ్వేసి వయసు మీద పడింది కదా, పరధ్యానం ఎక్కువైంది అన్నారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే కాలు ఎత్తి చూస్తే బొటనవేలి కింద రూపాయి బిళ్ళంత బొబ్బ ఉంది.

ఆయనకి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళు. మూడు నెలలకోసారి రక్తం ఇవ్వడం, రిపోర్టు చూపించడం, మాత్రలు రాయించుకుని రావడం. ఇన్నేళ్ళలో చెప్పులు విప్పి పాదాలు చూపించమని ఎవరూ అడగలేదు, మేమూ చూపించలేదు. చెప్పు జారిపోయినా తెలియకపోవడం అంటే పాదంలో స్పర్శ పోయిందని గుర్తు అని ఆ బొబ్బ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

ఈ ఎంసీఆర్ చెప్పుల గురించి, అంటే స్పర్శ తగ్గిన కాళ్ళ కోసం మెత్తటి రబ్బరుతో చేసే చెప్పుల గురించి చెప్పేముందు అక్కడ జరిగిన పరీక్ష గురించి చెప్పాలి, ఎందుకంటే అది చేయించకుండా ఈ చెప్పులు కొనడంలో అర్థం లేదు. డాక్టర్ చేతిలో గాలం దారంలాంటి సన్నని నైలాన్ పోగు ఒకటి ఉంది. దాన్ని పాదానికి ఆనించి వంగేదాకా నొక్కితే సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడుతుందట. "మాష్టారూ, కళ్ళు మూసుకోండి, తగిలినప్పుడల్లా ఆ అనండి" అన్నారు. నాన్న బుద్ధిగా కళ్ళు మూసుకున్నారు. బొటనవేలు, దాని కింద, మధ్యవేలి కింద, చిటికెన వేలి కింద... నాన్న ఏమీ అనట్లేదు. కాసేపయ్యాక "మొదలుపెట్టారా అండీ?" అని అడిగారు. అప్పటికి ఐదు చోట్ల పెట్టి చూడటం అయిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను, ఆ క్షణం నా కాళ్ళు చల్లబడ్డాయి.

తర్వాత సన్నగా అదిరే పరికరం ఒకటి బొటనవేలికి ఆనించి అదురు పెంచుకుంటూ పోయారు, ఎప్పుడు తెలిస్తే అప్పుడు చెప్పాలి. ఆ అంకె 15 లోపు ఉంటే బాగున్నట్టు, 25 దాటితే పుండు పడే ప్రమాదం ఎక్కువ. నాన్నకి కుడికాలు 34, ఎడమకాలు 29. చేతికీ చీలమండకీ బీపీ చూసి రెండూ పోల్చే పరీక్ష కూడా చేశారు, అది 0.9 కంటే తగ్గితే కాలికి రక్తం సరిగా అందట్లేదని. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి రక్తనాళాలు గట్టిపడి ఆ అంకె ఉండాల్సిన దానికంటే ఎక్కువ చూపించొచ్చట, అందుకని పాదం మీద నాడి చేత్తో కూడా పట్టి చూశారు. నాన్నకి రక్తప్రసారం బాగానే ఉంది, పోయింది స్పర్శ. మొత్తం కలిపి ఇరవై నిమిషాలు. పద్నాలుగేళ్ళలో ఏడాదికోసారి ఈ ఇరవై నిమిషాలు పెట్టి ఉంటే ఎంత ముందే తెలిసేదో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వెనక్కి తిరిగి చూసుకుంటే కాళ్ళు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి. అసలు షుగర్ బయటపడక ముందే వేళ్ళ సందుల్లో తెల్లగా ఒరిసిపోయి దురద పెట్టేది, వానాకాలం కదా అని పసుపు, కొబ్బరినూనె రాసుకునేవారు. రాత్రి మూడునాలుగుసార్లు లేచేవారు, అది వయసు అనుకున్నాం. ఒళ్ళు తగ్గింది, పొద్దున్నే నడుస్తున్నారు కదా మంచిదే అనుకున్నాం. కాలికి గాజుపెంకు గీసుకుంటే అది మానడానికి నెల పట్టింది, దాన్నీ పట్టించుకోలేదు. చివరికి కంటి శుక్లం ఆపరేషన్ కోసం రక్తపరీక్ష చేస్తే షుగర్ 300 దగ్గర ఉందని తేలింది. షుగర్ బయటపడే నాటికే కొంతమందికి కాళ్ళ నరాలు దెబ్బతినడం మొదలైపోయి ఉంటుందట, మాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు అరికాళ్ళ మంటలు. రెండు కాళ్ళకీ, ముందు వేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడుక్కున్నట్టు పైకి పాకేవి. రాత్రిళ్ళు మంచం మీంచి కాళ్ళు దించి చల్లటి గచ్చు మీద పెట్టుకుని పడుకునేవారు, తడిగుడ్డ చుట్టుకునేవారు. రెండేళ్ళ కిందట ఆ మంటలు పోయాయి. ఎవరో చెప్పిన నూనె మర్దన పనిచేసిందని నాన్న ఎంత సంతోషించారో, ఆ నూనె తెలిసినవాళ్ళందరికీ చెప్పారు కూడా. డాక్టర్ ఆ సంగతి విని కాసేపు ఊరుకుని, "మంట తగ్గడం వేరు మాష్టారూ, మంట తెలియకపోవడం వేరు. మీకు తెలియడం మానేసింది" అన్నారు. నాన్న ముఖం అప్పుడు చూడాలి. మంట పోయిన ప్రతివాళ్ళకీ ఇదే అయిందని కాదు, షుగర్ అదుపులోకి వచ్చి తగ్గేవాళ్ళూ ఉంటారు, కానీ ఏది నిజమో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. రక్తంలో విటమిన్ బి12 కూడా చూశారు. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే బి12 తగ్గొచ్చు, దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి, అది మందుతో సరిచేసుకోగలిగేది కాబట్టి వదిలేయకుండా చూసుకోవాలి.

ఇక చెప్పులు.

డాక్టర్ ఎంసీఆర్ చెప్పులు వాడమని రాస్తే మొదట నేను ఆన్‌లైన్‌లో కొన్నాను. డయాబెటిక్, ఆర్థో, ఎంసీఆర్ అని ఉన్న మాటలన్నీ దానికి తగిలించారు, 599 రూపాయలు. తీరా వస్తే మామూలు స్పాంజి చెప్పు, అది కూడా వేళ్ళ మధ్య పట్టీ ఉన్నది. స్పర్శ లేని కాలికి వేళ్ళ సందు పట్టీ అస్సలు పనికిరాదు: అక్కడే ఒరుసుకుని పుండు పడుతుంది, పైగా చెప్పు జారకుండా వేళ్ళు ముడిచి పట్టుకుని నడవాలి. మూడు వారాలకి మడమ దగ్గర అట్టముక్కలా అణిగిపోయింది. పెట్టె మీద ఏం రాశారన్నది చూసి కొనకండి.

రెండో జత కొత్తపేటలో ఆసుపత్రుల వైపు ఉన్న ఒక చిన్న కొట్టులో చేయించాం. నేను రాస్తున్న రివ్యూ దీని గురించే. మేం పొద్దున తొమ్మిదింటికి వెళ్తే ఆ కొట్టాయన కొలత తీసుకోనన్నాడు. "సాయంత్రం రండి మాష్టారూ, పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు" అని వెనక్కి పంపించాడు. సాయంత్రానికి కాళ్ళు కొంచెం ఉబ్బుతాయి, పొద్దున సరిపోయింది సాయంత్రం బిగుసుకుంటుంది. అమ్ముకుంటే చాలనుకునేవాడైతే అప్పుడే ఏదో ఒక జత అంటగట్టేవాడు. సాయంత్రం నాన్నని నిలబెట్టి రెండు కాళ్ళకీ కాగితం మీద విడివిడిగా గీత గీశాడు, కుడికాలు ఎడమకాలు ఒక్కలా ఉండవు, మా నాన్నకి కుడికాలు పావంగుళం వెడల్పెక్కువ. 1,450 రూపాయలు తీసుకున్నాడు, నాలుగు రోజులు పట్టింది.

ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బర్, లోపల కంటికి కనపడనంత చిన్న గాలి గదులుంటాయి. పైన కాలు ఆనేది ఈ మెత్తటి పొర, కింద ముల్లూ గాజూ దిగకుండా గట్టి రబ్బరు సోల్. ఈ రెండూ ఉండాలి, మెత్తటిదొక్కటే ఉంటే తుమ్మ ముల్లు నేరుగా కాల్లోకి దిగుతుంది, నాన్న లాంటివాళ్ళకి దిగిన సంగతి సాయంత్రం రక్తం చూసేదాకా తెలియదు. కొట్టాయన ఒక చిట్కా చెప్పాడు, నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. బొటనవేలితో చెప్పు మీద గట్టిగా నొక్కితే లోపలికి దిగాలి, వదిలితే వెంటనే పైకి లేవాలి. నొక్కగానే కింద గట్టి సోల్ తగిలినా, నొక్కిన గుంట అలాగే ఉండిపోయినా ఆ చెప్పు వద్దు. మడమ వెనక పట్టీ తప్పనిసరి, ముందు రెండు పట్టీలు వెల్క్రోవి, వాపును బట్టి వదులు చేసుకోవచ్చు. మేకు ఒక్కటి కూడా కొట్టకూడదు, అంతా అతుకూ కుట్టూనే.

ఈ రబ్బరు మన దేశంలో షుగర్ వాళ్ళకంటే ముందు కుష్ఠు వ్యాధి వచ్చినవాళ్ళ కాళ్ళు కాపాడింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిలో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్నుంచీ వాళ్ళ చేతులూ కాళ్ళ మీద పనిచేశారు. కుష్ఠు వల్ల మాంసం దానంతటదే కుళ్ళిపోతుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. నొప్పి తెలియక అదే చోట మళ్ళీ మళ్ళీ ఒత్తిడి పడటం వల్లే ఆ పుళ్ళు పడుతున్నాయని ఆయన చూపించారు. ఆయన తర్వాత అమెరికా వెళ్ళి షుగర్ రోగుల కాళ్ళకీ అదే విషయం వర్తిస్తుందని చెప్పారు. కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో ఇప్పటికీ ఈ చెప్పులు ఉచితంగా ఇస్తారు. మొదట్లో నాన్నకి ఇవి వేసుకోవడం నామోషీగా ఉండేది, "రోగిష్టి చెప్పులు" అని పెళ్ళిళ్ళకి పాత తోలు చెప్పులే వేసుకెళ్ళేవారు. ఈ సంగతంతా చదివి వినిపించాక ఆ మాట అనడం మానేశారు. ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, కారణం తెలిస్తే ఒప్పుకుంటారు.

ఇక ముఖ్యమైన విషయం. చెప్పుల రివ్యూ అంటే ముందు అందరూ అడిగేది "సుఖంగా ఉన్నాయా?" అని. మా నాన్నని ఆ ప్రశ్న అడిగి లాభం లేదు. ఆయనకి 599 రూపాయల చెప్పూ సుఖంగానే ఉంది, తారురోడ్డూ సుఖంగానే ఉంది. మొదటి వారం రోజుకి అరగంట, తర్వాత గంట, అలా అలవాటు చేయమన్నారు. నాలుగో రోజు బయట పని ఉందని ఐదు గంటలు వేసుకున్నారు. రాత్రి అమ్మ ఫోన్ టార్చి వేసి చూస్తే చిటికెన వేలి పక్కన పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందిపోయింది. నాన్నకి నొప్పి లేదు, మంట లేదు. అరగంటైనా ఆ ఎరుపు పోలేదు. మర్నాడు పొద్దున్నే కొట్టుకి తీసుకెళ్తే పట్టీ విప్పి పావంగుళం జరిపి మళ్ళీ కుట్టి ఇచ్చాడు, డబ్బులు తీసుకోలేదు. అమ్మ ఆ రోజు చూసి ఉండకపోతే అదే మూడు రోజుల్లో పుండయ్యేది. అందుకే చెబుతున్నాను, ఎంత మంచి చెప్పులైనా రోజూ రాత్రి ఇంకో మనిషి కళ్ళతో పాదం చూడాలి: అడుగున, మడమ వెనక, వేళ్ళ సందుల్లో. ఒంటరిగా ఉండేవాళ్ళు నేల మీద అద్దం పెట్టుకుని చూసుకోవచ్చు. వేసుకునే ముందు చెప్పులో చెయ్యి పెట్టి తడిమి చూసుకోవాలి. ఒకసారి మా ఇంట్లో చెప్పు లోపల కందిగింజ దొరికింది, అదే చాలు బొబ్బ రావడానికి.

పదకొండు నెలల్లో తేడా ఏంటంటే ఆనెకాయ. నాన్నకి బొటనవేలి కింద ఎప్పుడూ ఒక ఆనె ఉండేది, దాన్ని ఆయనే బ్లేడుతో కోసుకునేవారు, లేదా మందుల షాపులో దొరికే ఆనె ప్లాస్టర్ అంటించుకునేవారు. అందులో ఉండేది యాసిడ్, స్పర్శ లేని కాలికి అది మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. డాక్టర్ రెండూ మాన్పించారు. ఆనె ఉంటే కాలి కింద గులకరాయి పెట్టుకుని నడిచినట్టే, లోపల పుండు తయారవుతున్నా పైకి కనపడదట. ఇదివరకు నెల తిరిగేసరికి గట్టిపడేది, ఇప్పుడు మూడు నెలలకి చెకప్‌కి వెళ్ళినప్పుడు కొంచెం గీకించుకుంటే సరిపోతోంది. బొబ్బలు మళ్ళీ రాలేదు. మడమల పగుళ్ళు తగ్గాయి గానీ ఆ ఘనత చెప్పులది కాదు, రోజూ స్నానం చేశాక రాసే క్రీముది. చెమట పట్టించే నరాలు కూడా దెబ్బతిని పాదం ఎండిపోతుంది, పగుళ్ళు పడతాయి, అక్కణ్ణుంచే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది. క్రీము వేళ్ళ సందుల్లో మాత్రం రాయకూడదు, అక్కడ పొడిగా ఉండాలి.

ఇబ్బందులు లేకపోలేదు. బరువెక్కువ. వానలో తడిస్తే ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, అందుకని బాత్రూంలోకి పనికిరావు. వెల్క్రోలో దుమ్మూ వెంట్రుకలూ చేరి పట్టు తగ్గుతుంది, వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. అన్నిటికంటే పెద్ద లోపం, ఏడో నెలకి బొటనవేలి కింద అణిగిపోయింది, నొక్కితే సోల్ తగిలింది. అంటే పైకి కొత్తవాటిలా కనిపిస్తున్నా పని అయిపోయినట్టే, ఇంకో జత చేయించాం. ఏడాదికి దగ్గర దగ్గర రెండు జతలు, మూడు వేలు. పింఛను వచ్చే ఇంట్లో సరే, కూలి పనికి వెళ్ళే మనిషికి ఇది భారమే. పొలంలో దిగే మనిషికే ఈ చెప్పులు ఎక్కువ అవసరం, ఆ మనిషికే అందట్లేదు. మా ఊళ్ళో పెద్దనాన్న వరసాయన ఒకరికి చలికాలంలో వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అరికాళ్ళు ఉడికిపోయాయి, వేడి తెలియలేదు, ఆర్నెల్ల తర్వాత మోకాలి కింద వరకూ తీసేశారు. నీళ్ళ వేడి కాలితో చూడకూడదు, మోచేత్తో చూడాలి అని ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇంట్లో చెప్పులు వేసుకోవడం ఇంకో పెద్ద గొడవ. డాక్టర్ ఇంట్లో కూడా వట్టికాళ్ళతో తిరగొద్దన్నారు. అమ్మ ఒప్పుకోలేదు, లక్ష్మి తిరిగే ఇంట్లో చెప్పులేంటి అని. నేను వాదించలేదు. రెండు వారాల తర్వాత గడప తగిలి నాన్న కాలి గోరు సగం లేచింది, తెల్ల గచ్చు మీద రక్తం అడుగులు హాలంతా ఉన్నాయి, ఆయన టీవీ చూస్తూ కూర్చున్నారు. అమ్మ ఆ అడుగులు తుడిచి ఏమీ అనకుండా లోపలికెళ్ళింది. ఆ సాయంత్రమే ఇంట్లోకని ఇంకో తేలికపాటి జత తెచ్చుకున్నాం, వాటిని బయట వాడరు, పూజగది ముందు మాత్రం విప్పుతారు. ఇప్పుడు నాన్న మర్చిపోతే అమ్మే తెచ్చి కాళ్ళ దగ్గర పెడుతోంది.

గుడి సంగతి ఇంకా తేలలేదు. మంగళగిరికి తెల్లవారుజామునే వెళ్ళొస్తున్నారు, రాయి కాలకముందు, మందపాటి నూలు సాక్సు వేసుకుని. కానీ అలిపిరి మెట్లు నడిచి ఎక్కుతానని మొక్కు ఉంది ఆయనకి, మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు, వట్టికాళ్ళతో. డాక్టర్ వద్దన్నారు. పోయినసారి బస్సులోనే వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చారు గానీ మొక్కు అలాగే ఉండిపోయిందని మనసులో ఉంది. ఇలాంటి మొక్కులు ఎలా తీర్చుకున్నారో అనుభవం ఉన్నవాళ్ళు చెబితే సంతోషిస్తాను.

ఇదంతా చూశాక అన్నయ్యకి పరీక్ష చేయించాను, నలభై ఒకటి వాడికి, కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అంటుండేవాడు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకూ షుగర్‌కి ముందు దశ, 6.5 నుంచి షుగర్. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల మంది, వాడిలా అంచున ఉన్నవాళ్ళు 13 కోట్లకి పైనే. ముప్పై దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరూ బీపీ ఉచితంగా చూస్తారు, దానికి టెన్షన్ పడాల్సిందేమీ లేదు, వెళ్ళి చూపించుకోండి.

చెప్పుల విషయానికొస్తే, స్పర్శ తగ్గిందని పరీక్షలో తేలినవాళ్ళకి, ఆనెలు పడేవాళ్ళకి, వేళ్ళు వంకర తిరుగుతున్నవాళ్ళకి కచ్చితంగా కొనమంటాను, అది కూడా కొలిచి చేసే చోటే. మామూలు మడమ నొప్పికి డబ్బు పెట్టక్కర్లేదు. కాలికి ఇప్పటికే పుండు ఉంటే మాత్రం ఈ చెప్పులు వేసుకుని దాని మీద నడవొద్దు, ఆ చోట బరువు పడకుండా చేసే కట్టు వేరే ఉంటుంది, డాక్టరే వేయాలి. అలాగే ఒక కాలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి, నొప్పి అంతగా లేకపోతే లోపల ఎముకలు విరుగుతూ ఉండొచ్చు, రెండో కాలితో పోల్చి చెయ్యి పెట్టి చూస్తే వేడి తేడా తెలుస్తుంది. అప్పుడు చెప్పుల కొట్టుకి వద్దు, ఆ కాలు కింద పెట్టకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.